పాత చానళ్లు, పాత ద్వారబంధాలతో చెక్కలు అతికే ప్రెస్

నాలుగైదు పలకల అంచులు కలిపి బల్ల పైచెక్క చేయాలంటే వాటిని పక్కల నుంచి గట్టిగా నొక్కాలి. నొక్కగానే అతుకుల దగ్గర పలకలు పైకో కిందికో లేస్తాయి, కాబట్టి పైనా కిందా కూడా పట్టి ఉంచాలి. విడి క్లాంపులతో ఈ రెండూ అవుతాయి గానీ, తెల్ల జిగురు రాశాక చేతిలో ఉండేది ఐదు నుంచి పది నిమిషాలు. ఆ కాసేపట్లో ఎనిమిది క్లాంపులు సర్దుతూ, అడ్డ బద్దలు జారకుండా చూసుకుంటూ, అంచులు సమంగా ఉన్నాయో లేదో తడిమి చూడటం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఈ రెండు నొక్కుళ్లనూ ఒకే చట్రంలో పెడితే అదే ప్రెస్. 60 సెం.మీ. పొడవు, 55 సెం.మీ. వెడల్పు వరకు పలకలు అతకడానికి, వెనీర్ (పైన అతికే పలచని చెక్క పొర) వేయడానికి, ప్లైవుడ్ ముక్కలు జోడించి మందం చేయడానికి పనికొచ్చే ప్రెస్‌ను పాత ఇనుము, పాత కలపతో ఎలా కట్టాలో రాస్తున్నాను. ఇందులో పక్కపక్కన మూడు చట్రాలుంటాయి. ఒక్కోదానికి కింద ఇనుప దూలం, పైన కలప దూలం, రెండు చివర్లా వాటిని కలిపి బిగించే నిలువు మర రాడ్లు.

ఇలాంటివి కట్టేవాళ్లు ఎక్కువగా మర (స్క్రూ) గురించే ఆలోచిస్తారు. ఎన్ని టన్నుల జాకీ పెట్టాలి, ఎంత లావు రాడ్ వెయ్యాలి అని. మర దాదాపు ఎప్పుడూ సరిపోతూనే ఉంటుంది. ప్రెస్ విఫలమయ్యేది దూలం వంగడం వల్ల. చివర్లు బిగుస్తాయి, మధ్యలో ఒత్తిడే ఉండదు, జిగురు ఆరాక మధ్య అతుకులో గోరు దూరేంత సందు కనిపిస్తుంది. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం దూలాల గురించే ఉంటుంది.

ముందు ఒత్తిడి లెక్క

తెల్ల జిగురుకు, అంటే పీవీఏకు, మెత్తని కలపలో చదరపు సెంటీమీటరుకు 7 నుంచి 10 కిలోలు, గట్టి కలపలో 12 నుంచి 17 కిలోల ఒత్తిడి మంచిది. 60 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. మందం ఉన్న పలక అంచు వైశాల్యం 120 చదరపు సెం.మీ. పది కిలోల లెక్కన 1200 కిలోలు, పదిహేను లెక్కన 1800 కిలోలు. మూడు చట్రాలకు పంచితే ఒక్కోదానికి 400 నుంచి 600 కిలోలు. అతుకులు ఎన్ని ఉన్నా ఈ లెక్క మారదు. ఒకే బలం ఒక పలక నుంచి ఇంకో పలకకు అలాగే సాగిపోతుంది.

వెడల్పు ముఖాలు అతికేటప్పుడు లెక్క తారుమారవుతుంది. 60 × 50 సెం.మీ. ముక్క అంటే 3000 చదరపు సెం.మీ. పది కిలోల చొప్పున 30 టన్నులు కావాలి. పాత సామానుతో కట్టిన ఏ చట్రమూ అంత మోయదు, మోయాల్సిన అవసరమూ లేదు. వెనీర్‌కు వాడే వాక్యూమ్ సంచి ఇచ్చే ఒత్తిడి, వాతావరణ పీడనాన్ని మించలేదు కాబట్టి, ఎంత బాగా గాలి తీసినా చదరపు సెం.మీ.కు ఒక కిలో దాటదు. దానితోనే వెనీర్ చక్కగా అతుకుతుంది. పలచని వెనీర్ కింది చెక్కకు తగ్గట్టు తనే వంగుతుంది, ఎక్కువ బలం అడగదు. పెద్ద అంకెలన్నీ పూర్తిగా చదును కాని అంచుల్ని బలవంతంగా దగ్గరికి తేవడానికి. మన మూడు చట్రాలూ ఒక్కో టన్ను చొప్పున మూడు టన్నులిస్తే 3000 చదరపు సెం.మీ. మీద సరిగ్గా ఆ ఒక కిలో వస్తుంది. రెండు మందపాటి చెక్కల ముఖాలు కలపాలంటే మాత్రం ఇది చాలదు. అప్పుడు రెండు ముఖాల్నీ అద్దంలా చదును చేసుకోవాలి, లేదా పనిని 10 సెం.మీ. వెడల్పు పట్టీలుగా విడగొట్టుకోవాలి. 60 × 10 అయితే అదే మూడు టన్నులతో చదరపు సెం.మీ.కు 5 కిలోలు పడతాయి.

ఎపాక్సీ వాడేవాళ్లకు ఇందులో ఏదీ వర్తించదు. దానికి ముఖాలు తాకితే చాలు. గట్టిగా బిగిస్తే జిగురంతా బయటికి పోయి అతుకులో ఏమీ మిగలదు.

కింది దూలాలు

ఒక్కో చట్రానికి 75 × 40 మి.మీ. సి చానల్ (సి అక్షరం ఆకారపు ఇనుము) ముక్కలు రెండు, ఒక్కోటి మీటరు పొడవు. మూడు చట్రాలకు మొత్తం ఆరు మీటర్లు, సుమారు 40 కిలోల ఇనుము. విప్పేసిన షెడ్లు, పాత గేట్లు, లారీ బాడీల నుంచి ఈ సైజు తేలిగ్గా దొరుకుతుంది. కొనే ముందు ముక్కను కంటి ఎత్తుకు లేపి అంచు వెంట చూడండి. ఒంపుంటే వెంటనే తెలుస్తుంది. మెలిక తెలియాలంటే రెండు చివర్లా రెండు తిన్నని బద్దలు అడ్డంగా పెట్టి ఒకదాని మీదుగా ఇంకోదాన్ని చూడాలి. ఒంపు కొద్దిగా ఉంటే సరిచేయొచ్చు, మెలిక ఉంటే వదిలేయండి. తుప్పును వైరు బ్రష్‌తో రుద్ది చూసి, లోపల గుంటలు పడి మందం ఒక మి.మీ. కన్నా ఎక్కువ తగ్గినచోట కోసి పారేయాలి.

రెండు చానళ్లనూ వీపులు (సి వెనక వైపు చదును ముఖాలు) ఎదురెదురుగా, మధ్యలో 20 మి.మీ. ఖాళీ ఉంచి నిలబెట్టాలి. చివర్లలో, మధ్యలో 20 మి.మీ. మందం దిమ్మలు పెట్టి వెల్డ్ చేయొచ్చు, ఎం10 (10 మి.మీ. లావు మర) బోల్టులతోనూ బిగించొచ్చు. ఈ ఖాళీ వల్ల రెండు లాభాలు. నిలువు రాడ్లకు చానల్‌లో ఒక్క రంధ్రం కూడా తీయక్కర్లేదు, ఖాళీలోంచే దిగుతాయి. పైగా ఒంటరి చానల్‌ను నిలబెట్టి బరువు పెడితే అది పక్కకు మెలి తిరుగుతుంది. దాని ఆకారమే అలాంటిది, బలం వీపుకు బయటి బిందువు మీదుగా వెళ్తే తప్ప తిరక్కుండా ఉండదు. జత చేస్తే ఆ గొడవ లేదు. చానల్‌ను వెల్లకిలా పడుకోబెట్టి వాడటం మాత్రం ఇంకా పెద్ద పొరపాటు. అలా పెడితే దాని బిగువు ఐదారో వంతుకు పడిపోతుంది.

జింకు పూత ఉన్న ఇనుము దొరికితే వెల్డ్ చేసే చోట పూతను గ్రైండర్‌తో పూర్తిగా తీసేయాలి, బయట గాలిలోనే చేయాలి. జింకు పొగ పీలిస్తే ఆ రాత్రికి చలి జ్వరం ఖాయం.

పై దూలాలు

పాత ద్వారబంధాల కలప ఇందుకు కొత్త కలప కన్నా మంచిది. ఏళ్ల తరబడి ఆరిపోయింది కాబట్టి ఇక వంగేదేదో ఎప్పుడో వంగిపోయి ఉంటుంది. 100 × 65 మి.మీ. సైజు, మీటరు పొడవు ముక్కలు మూడు కావాలి. అయస్కాంతంతో మొత్తం తడిమి మేకులు తీసేయాలి, విరిగి లోపల ఉండిపోయిన వాటితో సహా. పాత రంగు ఉంటే అందులో సీసం ఉండొచ్చు. పొడిగా ఇసుక కాగితం వేయకుండా, తడిపి గీకి ఆ చెత్తను విడిగా పారేయండి. పురుగు రంధ్రాల నుంచి పొడి రాలుతున్న ముక్కను ఇంట్లోకే తేవద్దు.

100 మి.మీ. వైపు నిలువుగా ఉండాలి. అడ్డంగా పడుకోబెడితే బిగువు సగం కన్నా తక్కువకు దిగుతుంది. ఇక ఏ ముఖం పైకి రావాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. రాడ్లు చివర్లను కిందికి లాగుతుంటే పని మధ్యలో పైకి తోస్తుంది. కాబట్టి సాగేది దూలం పై ముఖం, అందులోనూ మధ్య భాగం. కణుపులు, బందులు పెట్టిన గాళ్లు, మేకుల రంధ్రాలు అక్కడ ఉండకూడదు. తలుపు ఆనే గాడి ఉంటే దాన్ని అదే కలప బద్దతో జిగురు పెట్టి పూడ్చాలి, లేదా ఆ అంచును కోసేసి ముక్కను సాఫు చేసుకోవాలి.

రాడ్ల మధ్య దూరం 800 మి.మీ. పెట్టుకుందాం. ఒక టన్ను బరువు పొడవునా సమంగా పడితే 65 × 100 గట్టి కలప దూలం మధ్యలో సుమారు ఒక మి.మీ. వంగుతుంది. అదే బరువుకు కింది జంట చానల్ వంగేది 0.2 మి.మీ. చానల్ సంగతి వదిలేయొచ్చు. పై దూలం ఒంపును మాత్రం ముందే లెక్కలోకి తీసుకుని, అడుగు ముఖాన్ని మధ్యలో ఒక మి.మీ. ఉబ్బుగా చిత్రిక పట్టాలి. బిగించినప్పుడు ఆ ఉబ్బు అణిగి దూలం చదునుగా వాలుతుంది.

ఉబ్బు గుండ్రంగా రావాలి, గుడారం మొనలా కాదు. మధ్య నుంచి ఒక్కో వైపుకు 100, 200, 300, 400 మి.మీ. దగ్గర గీతలు గీయండి. ఆ గీతల దగ్గర తీయాల్సిన మందం వరుసగా 0.06, 0.25, 0.56, 1 మి.మీ. చిత్రిక ఒక పట్టుకు 0.1 మి.మీ. పొర తీసేలా పెట్టుకుంటే, 300 గీత దగ్గర ఐదారు పట్లు, చివర పది పట్లు, 200 దగ్గర రెండు మూడు. మధ్య 200 మి.మీ. మేర అసలు ముట్టుకోనక్కర్లేదు. పట్టాక దూలాన్ని చదునైన బల్ల మీద పెట్టి ఒక చివర వేలితో నొక్కితే రెండో చివర లేవాలి. మధ్య బిందువు మీద గిర్రున తిరిగిందంటే ఉబ్బు సరిగ్గా ఉన్నట్టు. ఆ తరవాత అడుగు ముఖానికి వెడల్పాటి ప్యాకింగ్ టేపు అంటించండి, జిగురు పట్టదు.

దూలం రెండు చివర్లా రాడ్ కోసం గాడి తీయాలి, రంధ్రం కాదు. 20 మి.మీ. వెడల్పు, చివర నుంచి 110 మి.మీ. లోపలికి. నట్టును నాలుగు చుట్లు వదులు చేసి రాడ్‌ను బయటికి వాల్చితే దూలం చేతికి వచ్చేస్తుంది, నట్టు పూర్తిగా విప్పే పనే లేదు. జిగురు ఆరిపోతున్న సమయంలో ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది. గాడి మొదట్లో చెక్క చీలకుండా, గాడి ఆగిన చోటు నుంచి 25 మి.మీ. లోపలికి ఎం8 బోల్టు ఒకటి అడ్డంగా దూర్చి వాషర్లతో బిగించాలి. దూలం బరువు నాలుగైదు కిలోలే, ఒక చేత్తో ఎత్తి పెట్టొచ్చు.

రాడ్లు, నట్లు

ఎం16 మర రాడ్లు ఆరు, ఒక్కోటి 450 మి.మీ. యంత్రాల పునాది బోల్టులు, పైపుల సపోర్టులు విప్పినప్పుడు ఇవి వస్తాయి. మామూలు రకం ఎం16 రాడ్ సాగడం మొదలయ్యేది దాదాపు 3.8 టన్నుల దగ్గర. మనం అడిగేది అర టన్ను. ఎం12 కూడా రెండు టన్నుల వరకు తట్టుకుంటుంది కాబట్టి అదే దొరికితే వాడుకోవచ్చు. ఎం16ను ఎంచుకోవడానికి కారణం బలం కాదు, మర అరగకుండా ఎక్కువ కాలం నిలవడం. స్టెయిన్‌లెస్ రాడ్ మీద స్టెయిన్‌లెస్ నట్టు వేయొద్దు. ఒత్తిడిలో రెండూ ఒకదానికొకటి పట్టేసి ఇక ఎటూ కదలవు, కోయడమే గతి.

కింద 80 × 80 × 10 మి.మీ. ఇనుప పలక, దానికి 20 మి.మీ. రంధ్రం, దాని కింద రెండు నట్లు ఒకదానికొకటి బిగించి. రంధ్రం కాస్త పెద్దదిగా ఉంటేనే రాడ్ బయటికి వాలుతుంది. పైన 65 × 75 × 8 మి.మీ. ఇనుప పలక తప్పనిసరి. ఉట్టి వాషర్ పెడితే ఏమవుతుందో చూడండి. 30 మి.మీ. వాషర్‌కు తాకే వైశాల్యం నాలుగున్నర చదరపు సెం.మీ., దాని మీద 500 కిలోలంటే చదరపు సెం.మీ.కు 110 కిలోలు. పైగా కింద సగం గాడే. వాషర్ చెక్కలోకి దిగిపోతూ ఉంటుంది, మీరు బిగిస్తున్నానని అనుకుంటూ ఉంటారు.

పై నట్టుగా 48 మి.మీ. పొడవు కప్లింగ్ నట్టు వాడి, దానికి 12 మి.మీ. కడ్డీని పిడిగా వెల్డ్ చేయాలి. నట్టు మధ్య నుంచి పిడి చివరికి 20 సెం.మీ., అంతకు మించొద్దు. మరకు గ్రీజు ఉంటే, పిడి చివర ఎనిమిది కిలోల బలంతో లాగితే రాడ్ మీద సుమారు 500 కిలోలు వస్తాయి. అదే పిడికి 60 సెం.మీ. పైపు తొడిగి ఒంటి బరువుతో 35 కిలోలు మోపితే లెక్క ఆరు టన్నులు దాటుతుంది, అంటే రాడ్ సాగిపోతుంది లేదా దూలం విరుగుతుంది. పొట్టి పిడే ఈ ప్రెస్‌కు ఫ్యూజు.

తిప్పే శ్రమలో చెక్కను నొక్కడానికి పోయేది పదో వంతే. సగం నట్టు అడుగున రాపిడికి, మిగతాది మర రాపిడికి ఖర్చవుతుంది. అందుకే నట్టుకూ పలకకూ మధ్య థ్రస్ట్ బేరింగ్ (నిలువుగా పడే బరువుకు చేసిన బేరింగ్) పెడితే అదే బలానికి దాదాపు రెట్టింపు ఒత్తిడి వస్తుంది. 51103 నంబరు బేరింగ్ లోపలి వ్యాసం 17 మి.మీ., ఎం16 రాడ్‌కు కొలత తీసుకుని చేసినట్టే ఉంటుంది. పాత స్కూటర్ హ్యాండిల్ కింది గోళీల బేరింగ్ కూడా ఆ జాతిదే. చక్రాల్లో వచ్చే 6203 కూడా 17 మి.మీ.దే గానీ దాన్ని పెట్టకండి. అది పక్క నుంచి పడే బరువుకు చేసింది. అర టన్ను నిలువుగా పడితే గోళీల దారిలో గుంటలు పడి, తిప్పుతుంటే కరకరలాడుతుంది. బేరింగ్ పెట్టాక పిడి మీద నాలుగు కిలోల బలం చాలని గుర్తుంచుకోండి. చేతికి పాత అలవాటు ఉంటే రెట్టింపు బిగిస్తారు.

హైడ్రాలిక్ బాటిల్ జాకీ పెట్టకూడదా అని అడిగేవాళ్లు ఉంటారు. పెట్టొచ్చు, కానీ అది నిటారుగానే పనిచేస్తుంది. తలకిందులు చేస్తే నూనెకు బదులు గాలి పీల్చుకుంటుంది. పాత జాకీ సీళ్లు అరిగి ఉంటాయి కాబట్టి గంటలో ఒత్తిడి కొంత జారిపోతుంది, మీరు గమనించరు. అన్నింటికన్నా ముఖ్యంగా ఒక్క బిందువు దగ్గర తోస్తుంది, దాన్ని పరచడానికి మళ్లీ మందపాటి దూలాలే కావాలి. కారు కత్తెర జాకీ అయితే పూర్తిగా ముడుచుకున్నప్పుడు చాలా బలహీనం. కింద దిమ్మ పెట్టి సగం ఎత్తులో పనిచేసేలా చూసుకోవాలి.

పక్క నొక్కుడు: ఆపుడు యాంగిల్, జంట చీలలు

రాడ్లు చట్రం మధ్య గీత మీదే ఉంటాయి కాబట్టి పక్క నుంచి మర దూర్చడానికి చోటు లేదు. చీలలే (వెడ్జ్‌లే) సుఖం. ఒక చివర, రాడ్‌కు 60 మి.మీ. లోపల, 50 × 50 × 6 యాంగిల్ ముక్కను 100 మి.మీ. పొడవున జంట చానల్ మీద అడ్డంగా వెల్డ్ చేయండి. రెండో చివర అలాంటిదే ఇంకోటి, కానీ జరిగేలా. చానల్ పై రెక్కల్లో 100 మి.మీ.కొకటి 13 మి.మీ. రంధ్రాలు వేసి ఎం12 బోల్టులతో కావలసిన చోట బిగించాలి. రంధ్రాలెందుకు, మధ్య ఖాళీలోంచే బోల్టు దూర్చి బిగిస్తే పోదా అనిపిస్తుంది. పోదు. ఇనుము మీద ఇనుము రాపిడి ఒక బోల్టుకు 200, 300 కిలోలకు మించి ఆపలేదు, మొదటి గట్టి దెబ్బకే యాంగిల్ జారిపోతుంది. పాత రకం చానళ్ల రెక్క లోపలి ముఖం వాలుగా ఉంటుంది. నట్టు కింద ఆ వాలుకు తగ్గ చీల వాషర్ వేయకపోతే బోల్టు వంగుతుంది.

చీలలు గట్టి కలపతో 120 మి.మీ. పొడవు, సన్న చివర 15, లావు చివర 30 మి.మీ. అంటే ఎనిమిదికి ఒకటి వాలు. రెండింటిని ఎదురెదురుగా పెట్టి కొడితే బయటి ముఖాలు సమాంతరంగానే ఉండి, ఎనిమిది మి.మీ. లోపలికి పోయినప్పుడల్లా ఒక మి.మీ. విస్తరిస్తాయి. ఈ వాలులో చెక్క రాపిడే చీలను పట్టి ఉంచుతుంది. నాలుగుకు ఒకటి చేస్తే దెబ్బ దెబ్బకూ వెనక్కి తన్నేస్తుంది. రాసుకునే ముఖాలకు మైనం పూయకండి. చీలల మందం పలక కన్నా రెండు మి.మీ. తక్కువుండాలి, యాంగిళ్ల నిలువు రెక్కల్నీ ఆ ఎత్తుకే కోసుకోవాలి, లేకపోతే పై దూలం పలకను వదిలేసి వాటి మీద కూర్చుంటుంది. చీలల అడుగున ఒక మి.మీ. అట్ట వేస్తే వాటి మధ్య గీత పలక మందం మధ్యకు వస్తుంది. ఈ చిన్న అట్టే పలక డొప్పలా వంగకుండా కాపాడేది. తోపు పలక మందం మధ్యలో పడకుండా కొంచెం పైన పడినా, కింద పడినా పలక వంగడానికే చూస్తుంది.

చీలలకూ పలకకూ మధ్య 60 సెం.మీ. పొడవు, 40 మి.మీ. వెడల్పు బద్ద ఒకటి వేయాలి. ఒత్తిడి చెక్కలో సుమారు 45 డిగ్రీల కోణంలో పరుచుకుంటుంది. చట్రాలు 200 మి.మీ. దూరంలో ఉంటే, 120 మి.మీ. చీలకు అటు 40, ఇటు 40 కలిసి 200 అవుతుంది. ఒత్తిడి లేని చోటు మిగలదు. బద్ద సన్నగా ఉంటే చట్రాల మధ్య అతుకుకు ఒత్తిడి అందదు.

కూర్చడం

మూడు కింది దూలాలను 200 మి.మీ. దూరాన రెండు అడ్డ దిమ్మల మీద పెట్టాలి. కింది నట్లు నేలకు తగలకుండా దిమ్మలు కనీసం 60 మి.మీ. ఎత్తుండాలి. మూడింటి పై ముఖాలూ ఒకే చదునులో ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి సన్న దారం చాలు. నాలుగు మూలల నుంచి ఐమూలగా రెండు దారాలు బిగించి కడితే మధ్యలో అవి ఒకదాన్నొకటి ఆనీ ఆనకుండా తాకాలి. పై దారం కింది దాన్ని నొక్కినా, రెంటి మధ్య వెలుతురు కనిపించినా మెలిక ఉన్నట్టే. దారాల్ని పైది కిందికి, కిందిది పైకి మార్చి మళ్లీ చూసి, దిమ్మల కింద రేకు ముక్కలు వేసి సరిచేసి అప్పుడు బోల్టులు బిగించండి. ఇక్కడ మిగిలిపోయిన మెలిక మీరు అతికే ప్రతి పైచెక్కలోకీ దిగుతుంది, ఆరాక ఏ చిత్రికా దాన్ని తేలిగ్గా తీయలేదు.

వెనీర్ పనికి పైనా కిందా నొక్కు పలకలు కావాలి. 18 మి.మీ. ప్లైవుడ్ రెండేసి పొరలు, లేదా నిండు కోర్ ఫ్లష్ డోర్ కోసిన ముక్కలు. తలుపును తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే లోపల అట్టో సన్న బద్దలో ఉంటాయి, మొదటి బిగింపుకే నలిగిపోతుంది. పని వైపు ముఖానికి పాత లామినేట్ షీట్ అంటిస్తే జిగురు పెచ్చుగా ఊడొస్తుంది.

అన్నీ అయ్యాక జిగురు లేకుండా ఒక పరీక్ష చేయాలి. నొక్కు పలకల మధ్య తెల్ల కాగితం, దాని మీద కార్బన్ కాగితం పరిచి పూర్తిగా బిగించి విప్పండి. మచ్చ ముదురుగా పడ్డ చోట ఒత్తిడి ఎక్కువ, తెల్లగా ఉన్న చోట లేదు. మధ్యలో ముదురు, చివర్లలో తెలుపు ఉంటే దూలం ఉబ్బు ఎక్కువైంది. తలకిందులుగా ఉంటే తక్కువైంది. ఒకే మూల తెల్లగా ఉంటే ఆ తప్పు దూలానిది కాదు, దారాల దగ్గరికి తిరిగి వెళ్లండి.

పని చేసేటప్పుడు

జిగురు చదరపు మీటరుకు 150 నుంచి 200 గ్రాములు. 60 × 2 సెం.మీ. అంచుకు రెండున్నర గ్రాములు సరిపోతాయి, 60 × 50 ముఖానికి 45 నుంచి 60 గ్రాములు. బిగించినప్పుడు అతుకు వెంట సన్న పూసలు వరుసగా రావాలి. కారిపోతుంటే ఎక్కువ పడింది. అక్కడక్కడా ఏమీ రాకపోతే ఆ చోట జిగురు తక్కువ, లేదా అంచు చదును లేదు.

పలకలు అతికేటప్పుడు వరుస ముఖ్యం. మొదట పై దూలాలను పలకకు ఆనేంత వరకే బిగించాలి. తరవాత చీలలు, మధ్య చట్రం నుంచి మొదలుపెట్టి, రెండు వైపులా ఒకటి మార్చి ఒకటి చిన్న దెబ్బలు. చివరగా పై దూలాలు గట్టిగా. పైవి ముందే గట్టిగా బిగిస్తే రాపిడికి పలకలు కదలవు, మీరు కొట్టిన దెబ్బంతా ఆ రాపిడికే పోతుంది, అతుకు దాకా రాదు. వెనీర్‌కైతే మధ్య చట్రం ముందు, తరవాత రెండు పక్కలవి. మధ్య నుంచి జిగురు బయటికి నడవాలి. చివర్లు ముందు మూస్తే మధ్యలో జిగురు మడుగు కట్టి బుడగలా లేస్తుంది. కొద్దిగా బిగించి ఒక నిమిషం ఆగి, అరచుట్టు చొప్పున పెంచుతూ పోవాలి. ఐదు నిమిషాలకు మళ్లీ ఒకసారి నట్లు చూడండి, జిగురు పక్కకు పోవడం వల్ల పట్టు కచ్చితంగా వదులవుతుంది. తడి జిగురు మీద ముక్కలు జారుతుంటే, తరవాత కోసేసే మూలల్లో తల తీసిన చిన్న మేకులు రెండు గుచ్చి పెడితే చాలు.

ఇనుము తడి జిగురుతో కలిసి టేకు, తుమ్మ లాంటి టానిన్ (వగరు పదార్థం) ఉన్న కలపను తాకితే నల్లటి మచ్చ పడుతుంది. అది లోతుగా దిగుతుంది, ఇసుక కాగితానికి పోదు. చానళ్ల మీద ప్యాకింగ్ టేపు వేయడమో పాలిథిన్ షీటు పరవడమో మరిచిపోవద్దు.

తెల్ల జిగురుకు గంట పట్టు చాలు, పూర్తి బలానికి ఒక రోజు. చలిలో, పది డిగ్రీల కన్నా కింద, అది అసలు పొరే కట్టదు. ఆరాక సుద్దలా తెల్లగా కనిపిస్తే ఆ అతుకు చేత్తోనే విరుగుతుంది. విప్పగానే చిత్రిక పట్టాలని చేతులు దురద పెడతాయి గానీ ఆగాలి. జిగురులోని నీటికి అతుకు దగ్గర చెక్క ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు మీదే చదును చేస్తే, నీరు ఆరాక ప్రతి అతుకూ ఒక సన్న గాడిగా దిగిపోతుంది. పాలిష్ వేశాక వెలుతురులో ఆ గాళ్లన్నీ వరుసగా కనిపిస్తాయి. పలక మందాన్ని బట్టి రెండు మూడు రోజులు ఇస్తే చాలు.

పని లేనప్పుడు పై దూలాలను గోడకు వాల్చి ఉంచకండి, ఉబ్బు పట్టిన ముఖం నెమ్మదిగా మారిపోతుంది. చట్రం మీదే నట్లు వదులుగా ఉంచి వదిలేయడం మేలు. రాడ్ల మీద కారిన జిగురు తడిగా ఉండగానే తుడవాలి. ఆరిపోయిన బొట్టు మీదుగా నట్టు నడిస్తే మర లోపలికి అది ఇసుకలా చేరుతుంది. అప్పుడప్పుడూ వైరు బ్రష్ వేసి గ్రీజు రాయండి. కప్లింగ్ నట్టు రాడ్ మీద పక్కలకు ఊగడం మొదలుపెడితే రాడ్ పనికిరాదని కాదు, ఎక్కువసార్లు అరిగేది నట్టే. పిడి కోసి కొత్త నట్టుకు వెల్డ్ చేస్తే సరిపోతుంది.